మందు లేని సోపతి

మందు వాసన లేని నలుగురు మనుషుల కోసం వెతుక్కుంటూ పోయి, కోదాడ నడిబజారులో తాగుబోతు ముసలమ్మ అనిపించుకుని వచ్చిన మనిషిని నేను. ఆ వీడియో మీలో కొందరికి ఇప్పటికే వచ్చి ఉంటది. రానివాళ్ళు తొందరపడకండి, సాయంత్రానికల్లా ఎవరో ఒకరు పంపిస్తరు. అది చూసేముందు అసలు జరిగింది ఏందో నా నోటితో వినండి. మొదటి నుంచి చెప్త. మధ్యలో నుంచి చెప్పడం నాకు చేతగాదు, ప్రైమరీ స్కూల్ టీచరుగా రిటైరైనదాన్ని.

మేము మిర్యాలగూడ నుంచి సూర్యాపేటకు వచ్చి ఇంకా ఏడాది కాలేదు. మా బిడ్డ సంధ్య ఇక్కడ కాలేజీలో లెక్చరర్. వాళ్ళ పక్క వాటా ఖాళీ అయితే "అమ్మా, మీరు ఇటే వచ్చేయండి, మధ్యల ఒక్క గోడనే" అన్నది. వచ్చేసినం. మిర్యాలగూడలో నేను కొత్తిమీర కట్ట కొనేలోపు నలుగురు పలకరించేవాళ్ళు. రైసుమిల్లుల లారీ డ్రైవర్లలో సగం మంది నా దగ్గర అక్షరాలు దిద్దినోళ్ళే. బండి ఆపి కిందికి దిగి నమస్తే పెట్టేవాళ్ళు, వెనక బండ్లన్నీ హారన్లు కొట్టేవి. సూర్యాపేటలో కొత్తిమీర కొంటే కొత్తిమీరే వస్తది.

మా ఆయన సంగతి వేరు. ఆయన కాలువల డిపార్ట్‌మెంట్‌లో చేసి రిటైరైనడు. వచ్చిన వారానికే సోపతి కుదిరింది. మగవాళ్ళకు ఇది ఎంత తేలికో అర్థం కావడానికి ఒక ఉదాహరణ చెప్త. ఇద్దరు మగవాళ్ళు టీ కొట్టు దగ్గర నిలబడి ఎండ గురించి మాట్లాడుకుంటుంటరు. మూడోవాడు వచ్చి "సాయంత్రం సిట్టింగ్ ఉందా?" అంటడు. అంతే, ముగ్గురూ ప్రాణస్నేహితులు. సిట్టింగ్ అంటే ఏందో నేను మీకు చెప్పనక్కరలేదు. కూర్చున్నంతసేపు బాగానే ఉంటరు, లేచేటప్పుడే కష్టం. మా ఆయన తాగుతడని నేను అనను. "కంపెనీ ఇస్త" అంటడు ఆయన. కంపెనీ ఇచ్చి వచ్చిన రోజు చెప్పులు ఫ్రిజ్ పక్కన విడుస్తడు.

మరి నేను? పొద్దున సంధ్య కాలేజీకి పోతే సాయంత్రం దాకా నేను మాట్లాడేది కుక్కర్‌తోనే. అది కనీసం విజిల్ వేసి బదులిస్తది. నాకు ఒక్క మనిషి కావాలె. పెద్ద పెద్ద ఆశలు లేవు. ఒక్క మనిషి, నా ఈడుది, నా మాట వినేది, తన మాట చెప్పేది.

ఆ ముక్క సంధ్యతో అంటే అది నవ్వింది.

"నీకు దోస్తులు దొరకరమ్మా. నువ్వు మాట్లాడవు, పాఠం చెప్తవ్. మొన్న కూరగాయలామెకు తూకం ఎట్ల పట్టాల్నో చెప్పినవ్. ఆమె పుట్టిందే తక్కెట్ల."

"ఏందే, తప్పు చెప్పిన్నా?"

"తప్పు చెప్తే నవ్వి ఊకునేది. కరెక్టు చెప్పినవ్, గందుకే ఆమెకు కోపమొచ్చింది."

బిడ్డ మాట నాకు గట్టిగానే తగిలింది. ఇగ ఎవ్వరికీ ఏదీ నేర్పొద్దు, నోరు మూసుకుని నేర్చుకుందాం అని ఆ రోజే ఒట్టు పెట్టుకున్న.

మొదట కాలనీ సంఘం అధ్యక్షుడి దగ్గరికి పోయిన. "మందు లేకుండా, గోల లేకుండా, నలుగురు కలిసే కార్యక్రమం ఏదన్నా ఉందా అండీ?" అని అడిగిన. ఆయన గోడ మీది క్యాలెండర్ కేసి చాలాసేపు చూసిండు.

"మందు లేకుండ అంటే కష్టమే మేడం. ఈరోజుల్ల దినాలకు కూడ ఉంటున్నది కద."

"మరి ఆడవాళ్ళకు?"

"లేడీస్ కోసమనే పోయిన కార్తీకంల వనభోజనాలు పెట్టినం. అందరు మస్తు ఎంజాయ్ చేసిన్రు."

"మగవాళ్ళు రాలేదా?"

"వచ్చిన్రు. చెట్ల వెనక ఉండె."

తర్వాత చెరువు కట్ట మీద నవ్వుల క్లబ్బు ఉందంటే పొద్దున్నే లేచి పోయిన. అందరూ గుండ్రంగా నిలబడి, చేతులు ఆకాశానికి ఎత్తి, లీడరు చెప్పినప్పుడల్లా హహహ అని నవ్వుతున్నరు. ఎందుకు నవ్వుతున్నమో ఎవరికీ తెలియదు. లీడరు చెయ్యి దించంగనే అందరి ముఖాలు దుకాణం షట్టరు లెక్క కిందికి జారినయి. పక్కనున్న ఆమెను "మీ పేరేందమ్మా?" అని అడిగిన. "ఇప్పుడు మౌనం మేడం" అన్నది. మౌనం అయిపోంగనే చెప్పులేసుకుని పోయింది. అంతసేపు నాతో కలిసి పగలబడి నవ్విన మనిషి పేరు నాకు ఈరోజుకీ తెలియదు.

అప్పుడు దొరికింది కోలాటం. మా వెనక వీధిలో లలిత అని టైలర్ ఉంది. జాకెట్లు కుట్టేది పొద్దున, సాయంత్రం కమ్యూనిటీ హాలులో ఆడవాళ్ళకు కోలాటం నేర్పేది. "రండి టీచరమ్మా, మోకాళ్ళు కూడ వదులైతయి" అన్నది. "మందు గట్ల ఏం ఉండదు కద?" అని అడిగిన. ఆమె నన్ను పైనుంచి కింది దాకా చూసి, "మంచినీళ్ళు కూడ ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలె" అన్నది. నచ్చింది నాకు.

కోలాటంలో లలిత జట్టు ప్రత్యేకత జడ కోలాటం. చూడనివాళ్ళ కోసం చెప్త. మధ్యలో ఒక గుంజ నిలబెడ్తరు. దాని కొన నుంచి రంగురంగుల తాళ్ళు వేలాడుతుంటయి. ఒక్కొక్కరు ఒక్కో తాడు పట్టుకుంటరు. సగం మంది ఇటు నుంచి, సగం మంది అటు నుంచి, ఒకసారి ఎదుటి మనిషికి కుడి పక్కగా, ఇంకోసారి ఎడమ పక్కగా దాటుకుంటూ ఆడుతుంటే, పైన తాళ్ళన్నీ జడ లెక్క అల్లుకుంటయి. ఆ తర్వాత వెనక్కు తిరిగి అదే దారిలో ఆడితే జడ విడిపోతది. చూడ్డానికి ముచ్చటగా ఉంటది. ఒక్కరు తప్పితే మాత్రం అందరికీ చిక్కే.

ఇక్కడే నా జబ్బు గురించి చెప్పాలె. చిన్నపిల్లలకు చెప్పిన టీచర్లందరికీ తెలుసు ఇది. పిల్లలకు ఎదురుగా నిలబడి "కుడి చెయ్యి ఎత్తండి" అన్నప్పుడు మనం కుడి చెయ్యి ఎత్తకూడదు. ఎత్తితే పిల్లలు అద్దంలో చూసినట్టు ఎడమది ఎత్తుతరు. అందుకని మనం నోటితో కుడి అంటూ ఎడమ చెయ్యి ఎత్తాలె. సర్వీసంతా నేను చేసింది అదే. రిటైరయ్యేనాటికి కుడి అంటే నా ఎడమ చెయ్యే లేస్తది. అన్నం మాత్రం కుడి చేత్తోనే తింట, అన్నం ఎవరికీ ఎదురుగా నిలబడి నేర్పలేదు కాబట్టి.

కోలాటంలో ఇది కుదరదు కద. అందుకని ఒక ఉపాయం కనిపెట్టిన. వాచీ ఎడమ చేతికి ఉంటది. లలిత "కుడి" అనంగనే చేతుల కేసి చూసుకుని, వాచీ లేని పక్కకు తిరుగుత. ఎవరికీ అనుమానం రాలేదు. అందరూ నాకు టైం పిచ్చి అనుకున్నరు.

అక్కడ జోజమ్మ కనిపించింది. మఠంపల్లి దిక్కు మనిషి, గవర్నమెంటు దవాఖానలో నర్సుగా చేసి రిటైరైంది. నా ఈడే. ఎవ్వరితో కలవదు. ఆట అయిపోంగనే ఒక మూలకు కూర్చుని, డబ్బాలో తెచ్చుకున్న ఉడకబెట్టిన పల్లీలు ఒక్కతే తింటది. ఆమెను చూడంగనే నాకు కావాల్సిన మనిషి ఈమెనే అనిపించింది. మూడు రోజులు ధైర్యం కూడగట్టుకుని, పోయి పక్కన కూర్చున్న. ఏం మాట్లాడాల్నో తోచలేదు. నోట్లో నుంచి ఏమొచ్చిందో వినండి.

"పల్లీలల్ల ఉప్పు తగ్గించాలమ్మా. ఈ వయసుల బీపీ పెరుగుతది."

జోజమ్మ నమలడం ఆపింది. "సర్వీసంత బీపీలు చూసుడే నా పని. ఇప్పుడు నా డబ్బల ఉప్పు నువ్వు చూస్తవా?"

డబ్బా మూత టక్కున పెట్టి లేచిపోయింది. ఆ రోజు నుంచి ఎదురుపడితే తల తిప్పుకునేది. ఒట్టు పెట్టుకున్న నెల తిరగకముందే, ఊళ్ళో దొరికిన ఒక్క మనిషినీ ఉప్పు పేరు చెప్పి పోగొట్టుకున్న.

ఇంతలో కోదాడ నుంచి పిలుపొచ్చింది. అక్కడ ఒక పెద్ద బట్టల దుకాణం ప్రారంభం. రిబ్బన్ కత్తిరించేముందు దుకాణం ముందర జడ కోలాటం ఆడాలె. నాకు ఒకటే ఆశ. పోయేటప్పుడు వ్యానులో జోజమ్మ పక్క సీటు దొరికితే, ఏ సలహా ఇవ్వకుండా, మంచిగా రెండు మాటలు మాట్లాడి కలుపుకోవాలె. సీటు దొరికింది. సూర్యాపేట దాటి హైవే ఎక్కినం. నేను నోరు తెరవబోయేసరికి ఆమె కండ్లు మూసుకుంది. కోదాడ వచ్చేదాకా తెరవలేదు. నిద్రపోయే మనిషి చేతిసంచి అంత గట్టిగ పట్టుకోదు.

దిగంగనే లలిత అందరినీ వరుసలో నిలబెట్టి చూసింది. ఒకే రంగు చీర, ఒకే రకం గాజులు. నా దగ్గర ఆగింది.

"టీచరమ్మా, వాచీ తీయండి. అందరు ఒక్కతీరుగ ఉండాలె, వీడియో తీస్తున్నరు."

"వాచీ లేకుంటే నాకు కాదు లలితమ్మా."

"టైం నేను చూస్తగద. ఇటియ్యండి."

వాచీ ఎందుకో అప్పుడే చెప్పేస్తే ఇంత కథ లేదు. కానీ ఒక ఊరి పిల్లలందరికీ కుడి ఎడమలు నేర్పిన మనిషిని, నాకే అవి తెలియవని ఏ ముఖం పెట్టుకుని చెప్పాలె? వాచీ తీసి ఇచ్చిన. రెండు చేతులకూ ఒకే రకం గాజులు. ఏది ఏ చెయ్యో దేవుడికే తెలియాలె.

మా ఆయన కూడా వచ్చిండు, వేరే కారులో, దోస్తులతో. "నీ ఆట చూద్దామని" అన్నడు. దారిలో ఎక్కడో కంపెనీ ఇచ్చి వచ్చినట్టు దూరం నుంచే తెలుస్తున్నది. అప్పుడు నేను పట్టించుకోలేదు.

ఆట మొదలైంది. జడ అల్లడం బాగానే జరిగింది, కాళ్ళకు అలవాటైపోయింది కాబట్టి. జనం చప్పట్లు కొట్టిన్రు. అప్పుడు లలిత మైకు పట్టుకుని దుకాణం మెట్లెక్కి, సరిగ్గా నాకు ఎదురుగా నిలబడింది. ప్రాక్టీసులో ఎప్పుడూ మాతోనే కలిసి ఆడేది. "ఇప్పుడు మా అక్కలు జడ విప్పుతరు" అని చెప్పి, కుడి చెయ్యి పైకెత్తి "కుడి నుంచి" అన్నది.

ఎదురుగా ఒక మనిషి చెయ్యెత్తి కుడి అంటున్నది. నా ఒళ్ళు నన్ను అడగకుండానే ఎడమకు తిరిగింది.

రెండు అడుగులు వేసేసరికి జోజమ్మ ఎదురొచ్చింది. "జరుగు" అన్నది పండ్ల బిగువున. జరిగిన. ఆమె కూడా అటే జరిగింది. మళ్ళీ ఇటు జరిగిన. ఆమె ఇటే వచ్చింది. నా తాడు ఆమె మెడ పక్క నుంచి, ఆమె తాడు నా నడుము చుట్టూ పోయినయి. వెనక నుంచి వచ్చేవాళ్ళు ఆగలేక మమ్మల్ని చుట్టుకుంటూ పోతున్నరు. విడిపోవాల్సిన జడ ఇంకా కిందికి దిగుతున్నది.

ఇంతవరకు జరిగింది చిన్న పొరపాటే. లలిత దిగి వచ్చి సర్దేసేది. నేను ఊరుకోవచ్చు. ఊరుకున్నానా? పిల్లల గుంపు గందరగోళం అయితే టీచరు ఏం చేస్తది? గొంతు పెంచుతది. స్కూలు గ్రౌండు దాటి వినిపించే నా పాత గొంతు ఎక్కడ దాక్కుందో గాని బయటికొచ్చింది.

"అందరూ ఆగండి. కదలొద్దు. నన్ను చూడండి. ఎవరి కుడి చెయ్యి వాళ్ళు ఎత్తండి. ఇదిగో, ఇట్ల."

అని ఎడమ చెయ్యి ఎత్తిన.

సగం మంది నా చెయ్యి చూసి ఇటు తిరిగిన్రు. సగం మంది లలిత చెయ్యి చూసి అటు తిరిగిన్రు. ఆ తర్వాత ఎవరు ఎవరి తాడు కింద నుంచి దూరిన్రో చెప్పడం నా వల్ల కాదు. చివరికి మేమంతా ఒక పెద్ద ముడి అయినం. అందరి మధ్యలో, గుంజకు ఇటు నేను, అటు జోజమ్మ, ముక్కు ముక్కు తగిలేంత దగ్గర్లో కట్టేసి ఉన్నం.

జనం నవ్వుతున్నరు. ముందు వరుసలో ఒకాయన పక్కాయనతో అన్నది నాకు స్పష్టంగా వినిపించింది.

"పెద్దావిడ బాగానే పుచ్చుకున్నట్టుందండీ."

"పొద్దున్నే మొదలెట్టేసినట్టుంది. పాపం, ఏం కష్టమో."

దుకాణం ఓనరు మంచి మనిషి. అదే అసలు బాధ. పరుగెత్తుకుంటూ వచ్చి పనివాళ్ళకు చెప్పిండు. "ఆమెకు ముందు మజ్జిగ పట్టించండి. నిమ్మకాయ ఎక్కువ పిండండి, దిగుద్ది."

చేతులు కట్టేసి ఉన్నయి కద. ఎవరో గ్లాసు నా నోటికి ఆనించిన్రు. వద్దంటే "తాగినోళ్ళు అట్టనే అంటారమ్మా" అని ఇంకో గుక్క పోసిన్రు. వీడియోలో మీకు కనిపించేది ఈ ముక్కే.

అప్పుడు మా ఆయనకు పౌరుషం వచ్చింది. జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చి, ఓనరు భుజం మీద చెయ్యి వేసి, "మా ఆమె ముట్టదండి. నేను గ్యారంటీ" అన్నడు. ఓనరు ముఖం పక్కకు తిప్పుకుని ముక్కు మూసుకున్నడు. జనానికి ఉన్న కొద్దిపాటి అనుమానం కూడా తీరిపోయింది.

నాకు కండ్లల్లో నీళ్ళు తిరిగినయి. గుంజ అవతల నుంచి జోజమ్మ మెల్లగా అన్నది.

"నిజంగ తాగలేదు కద?"

"నీకు గిట్ల అనిపిస్తున్నదా? మందు లేని చోటు ఒక్కటి దొరకాలని ఊరంత తిరిగి కోలాటానికి వచ్చిన నేను."

ఆమె ఇంకా మెల్లగా "నేను కూడ గందుకే వచ్చిన" అన్నది. "మా ఆయన దాంతోనే పోయిండు. ఇగ ఏ ఫంక్షన్‌కు పోయినా గదే వాసన. చర్చిల పాట పాడేటప్పుడు నలుగురు ఉంటరు, పాట ఖతం కాంగనే ఎవరింటికి వాళ్ళు."

జీవితంలో మొదటిసారి, ఏ సలహా ఇవ్వకుండా విన్న. చుట్టూ అంత గోల జరుగుతుంటే మా ఇద్దరి మధ్య ఆ గుంజ ఒక్కటే.

"అయితే ఎడమ దిక్కు ఎందుకు తిరిగినవ్?" అని అడిగింది చివరికి.

ఇగ దాచేదేముంది? అద్దం సంగతి, వాచీ సంగతి అన్నీ చెప్పిన. ఆమె ముఖం మొదట బిగుసుకుంది, తర్వాత వణికింది. జోజమ్మ నవ్వుతున్నది. ఆమె నవ్వితే తాడు కదులుతది, తాడు కదిలితే నా నడుము నొక్కుకుపోతది. "నవ్వకమ్మా, ఊపిరాడుత లేదు" అంటే ఇంకా ఎక్కువ నవ్వింది. నవ్వుల క్లబ్బులో ఎంత చేతులెత్తినా రాని నవ్వు నాకు అక్కడ, గుంజకు కట్టేసి ఉన్నప్పుడు వచ్చింది. ఇద్దరు ముసలమ్మలు ముక్కులు రాసుకుంటూ నవ్వుతుంటే ముందు వరుసాయన తీర్పు చెప్పేసిండు. "ఇద్దరూ కలిసే వేసినట్టున్నారండీ."

ముడి ఎంతకీ ఊడి రాలేదు. ఇంతలో ముఖ్య అతిథి వచ్చిండు. పళ్ళెంలో పసుపు కుంకుమ పెట్టి, కొత్త కత్తెర ఉంచి రిబ్బన్ కోసం తయారుగా పెట్టిన్రు. వేరే కత్తెర దొరకలేదు. ఆయన ఆ కత్తెరతోనే ముందు మమ్మల్ని కత్తిరించిండు. ఫోటోగ్రాఫర్లు ఫ్లాష్‌లు కొట్టిన్రు, జనం చప్పట్లు కొట్టిన్రు. ఏ పెద్దమనిషి చేతుల మీదుగానైనా ఆడవాళ్ళ విడుదల కార్యక్రమం ఇంత ఘనంగా జరిగి ఉండదు.

తిరిగొచ్చి వ్యాను దిగేటప్పుడు లలిత వాచీ నా చేతిలో పెట్టి, "కొన్ని రోజులు రెస్టు తీసుకోండి టీచరమ్మా" అన్నది. ఆ మాటకు అర్థం నాకు తెలుసు. అల్లరి పిల్లల తల్లిదండ్రులకు నేను కూడా అట్లనే చెప్పేదాన్ని. ఇంటికి వచ్చి తలుపేసుకున్న. కోలాటం పోయింది, పరువు పోయింది. జోజమ్మ కూడా వ్యాను దిగంగనే, చెప్పకుండానే ఆటో ఎక్కి తన దారిన పోయింది.

తెల్లారి తలుపు చప్పుడైంది. తీస్తే జోజమ్మ. చేతిలో బీపీ మిషన్.

"నిన్న మజ్జిగల ఉప్పు బాగ పోసిన్రు. బీపీ చూస్త, కూర్చో" అన్నది.

చూసింది, ఏం లేదన్నది, కానీ పోలేదు. టీ పెట్టిన. ఒక్కసారికే ఆగలేదు, సాయంత్రం కూర కూడా ఇక్కడే తరిగింది. సంధ్య వచ్చి ఆమెను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. నాకు ఉత్సాహం పట్టలేక, మనిషికీ అద్దానికీ కుడి ఎడమలు ఎందుకు తారుమారు అయితయో జోజమ్మకు గోడ మీద సుద్దముక్కతో బొమ్మ గీసి మరీ వివరించడం మొదలుపెట్టిన. మొదట మామూలు అద్దం, తర్వాత బార్బర్ షాపులో ఎదురెదురుగా పెట్టే రెండు అద్దాలు. మూడో బొమ్మ గీస్తుంటే జోజమ్మ ఆవులించింది.

"ఇగ బెల్లు కొట్టు టీచరమ్మా. ఆకలైతుంది."

సుద్దముక్క కింద పెట్టి, గరిటె తీసుకుని కంచం మీద కొట్టిన. విద్యార్థి అడిగిందని పీరియడ్ సగంలో బెల్లు కొట్టడం నా సర్వీసులో అదే మొదలు. కొట్టకపోతే ఆమె మళ్ళీ రాదేమోనని భయం.